తార్నాక లాడ్జిలో ఆమె ఫోను

పేపర్లు దిద్దడానికి నాలుగు రోజులు యూనివర్సిటీకి రమ్మన్నారు. తప్పించుకునే వీల్లేదు. ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తమ్మా. నా భార్య పోయి పది నెలలైంది. అత్తమ్మకు ఒక్కతే కూతురు, ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. ఈమధ్య కళ్లు తిరిగి రెండుసార్లు పడిపోయింది కూడా. ఒంటరిగా వదల్లేక వెంట తీసుకొచ్చి తార్నాకలో ఓ లాడ్జిలో దిగాను. అత్తమ్మ మంచానికి ఎదురుగా ఉండే చిన్న కెమెరాను కూడా తువ్వాల్లో చుట్టి తెచ్చాను. ఆఫీసు నుంచి తల్లిని చూసుకోవడానికి నా భార్య పెట్టించిన కెమెరా అది.

పొద్దున్నే ఎంత తంటాలు పడ్డా అది లాడ్జి వైఫై ఎక్కనంది. ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ నా ప్రాణం తీసింది. కిందికెళ్లి కౌంటర్లో మనిషి మీద అరిచాను.

“మా వైఫైల ముందుగాల ఒక పేజీ వస్తది సార్. అండ్ల రూమ్ నంబర్, ఫోన్ నంబర్ కొట్టాలె. ఓటీపీ వస్తది. అది కొడితెనే నెట్ ఇస్తది.”

“కెమెరా ఓటీపీ ఎట్ల కొడతదయ్యా? దానికి చేతులున్నయా?”

“గదే కదా సార్,” అని నవ్వాడు.

ఆ నవ్వుకు ఒళ్లు మండింది గానీ, మెట్లెక్కుతుంటే ఉపాయం తట్టింది. ఆ కెమెరాకు తెలిసింది మా ఇంటి వైఫై ఒక్కటే. నా ఫోన్లో హాట్‌స్పాట్‌కు అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెడితే? రెండూ నా భార్య పెట్టినవే. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. నిమిషంలో నీలం లైటు వెలిగింది. పిచ్చిది, ఇంట్లోనే ఉన్నాననుకుంది.

శభాష్ రా అని నన్ను నేనే మెచ్చుకుని, అత్తమ్మకు ఇడ్లీ పొట్లం, నీళ్ల సీసా అందుబాటులో పెట్టి బయల్దేరాను. ఆటో క్యాంపస్ గేటు దాకా వచ్చాక ఫోన్లో చూస్తే కెమెరా కనెక్షన్ లేదు. ఎందుకుంటుంది? హాట్‌స్పాట్ నా జేబులోనే వచ్చేసింది! ఇన్నేళ్లుగా పిల్లలకు ఫిజిక్సు చెప్తున్న మనిషిని. సిగ్గేసి ఆటోను వెనక్కి తిప్పించాను.

“ఈ గదిల ఇంకో ఫోను ఉండాలె అత్తమ్మా. మీ బటన్ ఫోను పనికిరాదు. ఇగ నేను పోను, యూనివర్సిటోళ్లు ఏమన్న అననియ్యి,” అన్నాను.

అత్తమ్మ తన సంచిలో చీరల అడుగు నుంచి ఒక ఫోను తీసింది. నా భార్యది. నొక్కితే వెలిగింది. ఛార్జింగ్ నిండా ఉంది.

“నంబరు బంద్ చేపిచ్చిన అన్నరు గద?”

“చేపియ్యలే బిడ్డా. మూలమీది షాపుల నెలనెలా రీచార్జ్ చేపిస్తున్న. బంద్ జేస్తే ఆ నంబరు ఇంకోళ్లకు ఇస్తరంట. నా బిడ్డకు ఫోన్ జేస్తే ఎవలో ఎత్తుతరు.”

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్ని నెలలూ మా ఇంట్లోనే, పక్క గదిలోనే, ఆ ఫోను బతికే ఉంది. నేను ఒక్కసారైనా ఆ నంబరు నొక్కలేదు. కారణం ఇదే, ఎవరో ఎత్తుతారేమోనని భయం.

ఆ ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి, కెమెరా కలిశాక క్యాంపస్‌కు వెళ్లాను. దిద్దేచోటికి ఫోన్లు రానివ్వరు, గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టేసి పోవాలి. ఒంటిగంటకు బయటికొచ్చి నాది తీసుకున్నానో లేదో, చేతిలోనే మోగింది. తెర మీద నా భార్య పేరు. దాని కింద పసుపు చీరలో ఆమె ఫోటో.

చేసేది అత్తమ్మేనని తెలుసు. పడిపోయిందేమోనన్న భయమూ ఉంది. అయినా ఒళ్లు ఝల్లుమంది. రోజూ ఒంటిగంటకు తిన్నవా అని చేసేది నా భార్య. ఎత్తాను.

“చెప్పవే,” అన్నాను.

నాలుక కరుచుకున్నాను. అవతల చప్పుడు లేదు. గబగబా ఫోన్లోనే గది కెమెరా తెరిచి చూశాను. అత్తమ్మ మంచం మీద క్షేమంగా కూచునే ఉంది. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చాలాసేపటికి కొంగు తీసింది.

“తిన్నవా?” అంది.

“ఇంకా లేదు,” అన్నాను.

ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు.