మా అత్త సరిచేసిన యాప్

నగరిలో చీరలు నేసే మా మేనత్తకు, కొనేవాళ్లకు ఫొటోలు పంపుకునే యాప్ ఒకటి నేనే చేసిచ్చాను. ఈ రోజు పొద్దున ఆమె ఒక చీర ఫొటో పంపి, యాప్‌లో ఫొటో పంపే పేజీ మూసేసింది. అంతలో నెట్ పోయింది. "ఫొటో వెళ్లలేదు" అని చెప్పబోయిన యాప్, చెప్పడానికి ఆ పేజీ లేక మొత్తంగా ఆగిపోయింది. అత్త ఫోన్ చేసి అడిగితే జరిగింది వివరించాను.

"తలుపేసిన ఇంటి ముందర అరిస్తే ఎవరికి ఇనపడతాది రా? నేను యాడుంటే ఆడికొచ్చి సెప్పమను!"

సాయంత్రానికి అలాగే మార్చాను. ఆమె కావాలనే నెట్ ఆపి, ఫొటో పంపి, పేజీ మూసింది. ఈసారి ఆమె చూస్తున్న పేజీలోనే సందేశం కనబడింది.

"ఇప్పుడు మనిషి మాదిరి సెప్తా ఉండాది" అంది.

మా ఆఫీసులో ఇంత మెప్పు నాకెప్పుడూ దొరకలేదు. మీ ఇళ్లలోనూ ఇలాంటి ఇంజనీర్లు ఉన్నారా?