పొల్లు లేని గోల

చిన్నప్పుడు నేను అక్షరాలు నేర్చుకోలేదు. మా మైపాడులో బడి గంట కొట్టే వేళకే పడవలు ఒడ్డుకు వచ్చేవి. గంప నెత్తిన పెట్టుకుని మా అమ్మ వెనకాల నడిచేదాన్ని. నలభై దాటాక మా అమ్మాయి తన పాత నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాల మీద నాకు రాయడం నేర్పింది. ఇప్పటికీ పొల్లు దగ్గర తడబడతాను. అక్షరం నెత్తిన ఉండే ఆ చిన్న గీత నా కంటికి ఆనదు.

పదో తరగతి అయ్యాక మా ఆయన పాపను నెల్లూరులో అందరూ హాస్టల్లోనే ఉండాల్సిన ఇంటర్ కాలేజీలో చేర్పించాడు. దసరా సెలవులకు వచ్చిన పిల్ల మళ్లీ పోనని మొండికేసింది. పోవాల్సిందేనన్నాడు మా ఆయన. సెలవులు అయిపోయే ముందు, కాలేజీవాళ్లు పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పిలిచి లైఫ్ కోచింగ్ అని ఒక సభ పెట్టారు. మా ఆయన చేపల వేటకు పోయి ఉండడంతో నేనే పాపను తీసుకుని వెళ్లాను.

కోటు వేసుకున్న ఒక సారు మమ్మల్నందరినీ లేపి, చేతులు పైకెత్తించి, "నేను సింహాన్ని" అని మూడుసార్లు అనిపించాడు. నా పక్కన రొయ్యల గుంటలున్న ఒకాయన మీసం తుడుచుకుని నిజంగానే గర్జించాడు. తర్వాత పెద్దవాళ్లకు కాగితాలు పంచారు. నేను కూడబలుక్కుని చదివాను: మీ పాప గోల ఏమిటి?

ఎంత మంచి సారు, అనుకున్నాను. ఇన్నాళ్లకు ఒకరు అడిగారు. రెండు వైపులా రాసేశాను.

సారు కాగితాలు తీసుకుని మైకులో చదవసాగాడు. డాక్టర్, డాక్టర్, ఇంజనీర్, కలెక్టర్. నా కాగితం నిండుగా కనిపించేసరికి, "విజన్ అంటే ఇదీ!" అని మురిసిపోయి మొదలుపెట్టాడు.

"మీ పాప గోల్ ఏమిటి? హాస్టలుకు పోనంటుంది. నాలుగింటికే లేపుతారంట. మార్కులు తగ్గితే పేరు గోడకు అంటిస్తారంట. ఏడుపొస్తే బాత్రూములో ఏడవమంటారంట."

ఆయన గొంతు తగ్గింది కానీ, మైకు అలవాటున్న మనిషి కదా, చదవడం ఆపలేదు.

"ఈ గోల్ ఎప్పటినుంచి? దసరా మొదలు. రోజుకు ఎన్ని గంటలు కేటాయిస్తోంది? అన్నం తినేటప్పుడు తప్ప మొత్తం. మీరు ఇంట్లో ఎలా సహకరిస్తున్నారు? నేను కూడా అరుస్తున్నాను. ఐదేళ్లలో ఎక్కడికి చేరుతుంది? ఇప్పుడే సముద్రం దాకా వినపడతా ఉంది."

హాలంతా ఒకటే నవ్వు.

"అమ్మా, గోల్ అంటే లక్ష్యం," అన్నాడు సారు.

"అట్లయితే లక్ష్యం అనే రాయొచ్చు గదా సార్. పొల్లు కనపళ్లేదు."

రొయ్యల గుంటలాయన లేచాడు. "సార్, నాకింకో కాయితం ఇప్పించండి. ఇందాక డాక్టరని రాసినా. మా పిల్ల గోల వేరే ఉండాది."

వెనక నుంచి ఒకామె, "నాకు రెండు కావాల సార్, మాకు కవలలు," అంది.

కాగితాలు అయిపోయాయని సారు అందరికీ టీ ఇప్పించాడు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో పాప కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలగానే, "ఏందిమా, అన్ని సింహాల ముందర నా పరువు తీసినావు!" అంది. మళ్లీ తనే, "నేను చెప్పేటప్పుడు నువ్వు చేపలు తోముకుంటా ఉంటివే. ఎప్పుడు విన్నావు అవన్నీ?" అంది.

"తోమేది చేతుల్తో గదే, చెవుల్తోనా?"

"అయితే ఇంక పంపించవా? నాయన ఒప్పుకోడు."

"నాయన వేట నుంచి వచ్చినాక నేను చెప్తా. చదువు మానేదానికి మాత్రం లేదు."

"మానతానని ఎప్పుడన్నాను మా? ఇంటికాడ నుంచి బస్సులో పోయొస్తా అంటున్నా గదా, మొదట్నుంచీ!"

ఆ మాట నా కాగితంలో లేదు. అంత గోలలో నేను వినని మాట అదొక్కటే.

మరునాడు ఉదయం మొదటి బస్సుకు ఇద్దరం కాలేజీకి వెళ్లాం. టీసీ ఇప్పించమని అర్జీ నేనే రాసిచ్చాను. ఇంకోసారి ఆలోచించుకోమన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆలోచించుకునే వచ్చామన్నాను. పెట్టె, పరుపు, బకెట్ నాలుగో అంతస్తు నుంచి దించుకుని ఆటోలో వేశాం. పాప బకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా ఊరి బస్సు దిగి నడిచిపోగలిగే కాలేజీ ఏదైనా ఉందా అని ఆటో అతన్ని అడిగాను.