ఏడు పూసల శుక్రవారం

అబద్ధం చెప్పి ఎదుటి మనిషి పనికి ఎసరు పెట్టినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. జపం చెప్పి ఎసరు పెట్టింది మాత్రం, నాకు తెలిసినంతలో, నేనొక్కదాన్నే. అదీ తపస్కాలంలో. అదీ సాక్షాత్తూ మరియతల్లిని సాక్షిగా నిలబెట్టి. ఈ ఘనకార్యం పదిమందికీ చెబితేగానీ నా మనసు కుదుటపడదు కాబట్టి చెబుతున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మీకంటే ముందు నవ్వాల్సినవాళ్ళు నవ్వేశారు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. కడియంలో వీర్రాజు గారి నర్సరీలో, లారీలకు మొక్కలు ఎక్కించే చోట లెక్క రాసే పని. బడికి వెళ్ళి నేను చదువుకున్నది తక్కువ. అక్షరాలైనా అంకెలైనా మా అమ్మ వంటింటి గడప మీద కూర్చోబెట్టి నేర్పినవే. పదుల లెక్క నేర్పడానికి ఆవిడ చేతికి అందిన సాధనం జపమాల. పది చిన్న పూసలు, ఆ తర్వాత ఒక పెద్ద పూస. "పెద్ద పూస తగిలిందంటే పది అయినట్టేనమ్మా, కరుణా" అనేది. ఆ మాట నా బుర్రలో సిమెంటు పోసినట్టు గట్టిపడిపోయింది. అమ్మకు ఈ రోజుకీ కృతజ్ఞురాలినే. తప్పు ఆవిడది కాదు, సిమెంటుది.

ఆ ఏడాది, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు, మా గుడి విచారణ గురువుగారు నాలాంటి తీరికలేనివాళ్ళ కోసమే అన్నట్టు ప్రసంగం చేశారు. "తపస్కాలమని పనులు మానుకుని గుడిలో కూర్చోమనడం లేదు. పొద్దున్న పొయ్యి వెలిగించేటప్పుడు మరియతల్లికి ఒక మంగళవార్త జపం చెప్పండి. మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు చేతిలో పని ఒక్క నిమిషం ఆపి త్రికాల జపం చెప్పండి. శుక్రవారం మాత్రం ఆ తల్లి పడ్డ ఏడు దుఃఖాలనీ తలుచుకుని వ్యాకులమాత జపమాల చెప్పండి. చేతులు పనిలో ఉన్నా మనసు ఆవిడ దగ్గర ఉంటే చాలు" అన్నారు.

ఎంత చక్కటి మాట! అంతవరకే చేసి ఊరుకుంటే నేను మంచి కతోలికురాలిగా మిగిలేదాన్ని, ఈ కథా ఉండేది కాదు. కానీ నాకు అంతకంటే గొప్ప ఆలోచన వచ్చింది. లారీ ఎక్కే ఒక్కో మొక్కకూ ఒక్కో మంగళవార్త! మొక్క చేయి మారుతుంది, పూస జారుతుంది. పెద్ద పూస రాగానే నేను చేయి ఎత్తుతాను, ఎక్కించేవాళ్ళు ఆగుతారు. నేను పరలోక జపం చెప్పుకుని పుస్తకంలో ఒక గీత గీస్తాను. గీతకు పది మొక్కలు. లెక్కకు లెక్క, జపానికి జపం.

నమ్మండి, రెండు వారాలు అద్భుతంగా నడిచింది. ఒక్క మొక్క తేడా రాలేదు. వీర్రాజు గారు మా మతం కాదు, ఆయన దేవుళ్ళు వేరు. అయినా అందరి ముందూ, "కరుణమ్మ లెక్కంటే రాతి మీద గీత. ఆవిడకి మేరీమాత తోడుందిరా" అన్నారు. నేను తల వంచుకుని వినయంగా నిలబడ్డాను. లోపల మాత్రం నెమలిలా పురి విప్పుకుని ఉన్నాను.

మొదటి రెండు శుక్రవారాలూ లారీలు రాలేదు, ఏడు దుఃఖాలూ ఇంట్లోనే తలుచుకున్నాను. మూడో శుక్రవారం వచ్చింది. గుంటూరు వైపు ఒక కాలేజీకి ఆరు వందల పొగడ మొక్కలు వెళ్ళాలి. గురువుగారు చెప్పినట్టే ఆ రోజు మామూలు జపమాల ఇంట్లో పెట్టి, వ్యాకులమాత జపమాల తీసుకుని వెళ్ళాను. నల్లపూసలది. ఏడు దుఃఖాలకు ఏడు పతకాలు, ఒక్కో పతకం తర్వాత ఏడేసి పూసలు.

మీకు అప్పుడే అనుమానం వచ్చేసి ఉంటుంది. నాకు రాలేదు.

ఎక్కించే ముఠాకు మేస్త్రీ దానియేలు బాబాయ్. ఇరవై ఏళ్ళుగా ఆ నర్సరీలోనే ఉన్న మనిషి. లూథరన్ గుడికి వెళతాడు, ఒక్క ఆదివారం తప్పడు. నా జపమాల చూసి రోజుకొక్కసారైనా వేళాకోళం ఆడకపోతే ఆయనకు టీ రుచించదు.

"అమ్మా, ఇవాళ బ్రేకులు ఎక్కువ పడుతున్నాయేంటి?" అన్నాడు, నేను చేయి ఎత్తి ఆపిన ప్రతిసారీ తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ.

"తపస్కాలం శుక్రవారం బాబాయ్. ఇవాళ ప్రత్యేకమైన జపం."

"అయితే రోజూ ఇదే చెప్పుకో తల్లీ. నడుములకి హాయిగా ఉంది."

పతకం తగిలింది, గీత గీశాను. పతకం తగిలింది, గీత గీశాను. బాలయేసును వెతుక్కుంటూ మూడు రోజులు తిరిగిన ఆ తల్లి దుఃఖం దగ్గర నాకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. అంత శ్రద్ధగా చెప్పాను. తొమ్మిదో చుట్టు మధ్యలో ఉండగా అరవై గీతలు పూర్తయ్యాయి. అరవై పదులు ఆరు వందలు.

"చాలు బాబాయ్, అయిపోయాయి!"

దానియేలు బాబాయ్ లారీలోకి తొంగి చూశాడు. "వెనకాల ఇంత ఖాళీ ఉండిపోయిందేంటమ్మా? ఆరొందలంటే తలుపు పడదు కదా!"

"నువ్వు పొందిగ్గా సర్దావు బాబాయ్. నీ చేతి నేర్పు."

పొగడ్త ఎవరికి చేదు? నవ్వేసి లారీ ఎక్కాడు. ఆయన కూతురు రావులపాలెంలో ఉంటుంది, నెలలు నిండాయి. అక్కడిదాకా లారీలో వెళ్ళి చూసి వస్తానని అయ్యగారిని అడిగి వెళ్ళాడు.

శనివారం పొద్దున్నే ఫోను. వీర్రాజు గారు స్పీకరు పెట్టారు. అవతల కాలేజీ ఆయన గొంతు.

"ఏమండీ, మీరు పంపినవి నాలుగు వందల ఇరవై."

"ఎవర్నండీ ఫోర్ ట్వంటీ అంటున్నారు?" వీర్రాజు గారు కుర్చీలోంచి లేచారు.

"తిట్టట్లేదండి బాబూ! మీ మొక్కల లెక్క చెప్తున్నాను. మూడుసార్లు లెక్కపెట్టించాం. నూట ఎనభై తక్కువ."

వీర్రాజు గారు నా వైపు తిరిగారు. "ఏమ్మా?"

నేను పుస్తకం తెరిచి అరవై గీతలూ చూపించాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. గుండె మీద చేయి వేసుకుని, "మరియతల్లి సాక్షిగా ఎక్కించానండి" అన్నాను.

"ఆవిడ పేరు చెప్పాక నేనింకేం అడుగుతానమ్మా" అని ఆయన డ్రైవరుకు ఫోను చేశారు. "నేను బండి నడిపానండి, మొక్కల్ని కాదు. రావులపాలెంలో దానియేలు గారు దిగారు, నేను అరటి మార్కెట్టు దగ్గర టీ తాగాను. అంతే" అన్నాడు డ్రైవరు.

అంతే. రావులపాలెం, దానియేలు దిగాడు, డ్రైవరు టీ తాగాడు. మొక్కలు అక్కడే దిగిపోయాయని ఇంకెవరైనా చెప్పాలా? దానియేలు బాబాయ్‌ని పిలిపించారు.

"నూటెనభై పొగడ మొక్కలు నేనేం చేసుకుంటానండి అయ్యగారూ? పులుసు పెట్టుకుంటానా?"

"నాకు తెలీదు దానియేలూ. లెక్క తప్పు కాదు, మొక్కలు లేవు. సోమవారం నుంచి నువ్వు రావద్దు."

ఇరవై ఏళ్ళ మనిషి. తలగుడ్డ దులుపుకుని మోటారు షెడ్డు అరుగు మీద కూర్చున్నాడు. ఆయన పని పోతోంది. ఇంటికి పురిటికి రాబోతున్న కూతురు. దొంగైనా సరే, పాపం అనిపించింది. (దొంగైనా సరే! నా దయ చూశారా?) దగ్గరికి వెళ్ళి వీలైనంత మెత్తగా చెప్పాను.

"బాబాయ్, మనుషులన్నాక తప్పులు చేస్తారు. ఒప్పేసుకో. అయ్యగారితో నేను మాట్లాడతాను. నీ మనసు మారాలని ఇప్పుడే వ్యాకులమాత జపమాల చెబుతాను."

ఆయన నా మొహంలోకి చూసి, "చెప్పు తల్లీ. నా ఎదురుగానే చెప్పు. నేనూ కూర్చుంటాను. మరియమ్మ గారంటే నాకూ గౌరవమే" అన్నాడు.

"నీకు పూసలు లేవు కదా బాబాయ్?"

"మా గుడిలో పూసలుండవమ్మా. దేవుడిచ్చిన వేళ్ళున్నాయి. పదికి ఏం తక్కువ?"

నేను నల్లపూసలు తీశాను. గొంతు విప్పి మొదటి మంగళవార్త చెప్పాను. ఆయన ఒక వేలు మడిచాడు. రెండోది, రెండో వేలు. అలా ఒక చేయి ముడుచుకుంది, రెండో చేతిలో ఇంకో రెండు ముడుచుకున్నాయి. నా చేతికి పతకం తగిలింది. అలవాటు కొద్దీ చేయి పైకెత్తి, "పది" అన్నాను.

దానియేలు బాబాయ్ తన చేతులు నా మొహం ముందు పెట్టాడు. మూడు వేళ్ళు నిటారుగా నిలబడి ఉన్నాయి.

"కరుణమ్మా, ఈ మూడింటినీ ఏం చేయమంటావు?"

నేను ఆ వేళ్ళను చూశాను. పూసలు చూశాను. ఒకటి, రెండు, మూడు అని జపం లేకుండా లెక్కపెట్టాను. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాను, ఎనిమిదోది ఎక్కడైనా కనికరించి పుడుతుందేమోనని. ఏడే. గీతకు మూడు చొప్పున అరవై గీతలకు నూట ఎనభై. ఆ మొక్కలు రావులపాలెంలో దిగలేదు, అసలు లారీయే ఎక్కలేదు. మడిలో వేల మొక్కల మధ్య గాలికి తలలూపుతూ సుఖంగా ఉన్నాయి. నేను ఎవరి మనసు మారాలని జపం మొదలుపెట్టానో ఆ దొంగ చేతిలోనే జపమాల ఉంది.

చెప్పులు వదిలేసి పరిగెత్తాను. వీర్రాజు గారి ముందు అంతా ఏకరువు పెట్టాను. ఆయన పుస్తకంలో అరవై గీతలూ మళ్ళీ చూశారు. చివరికి, "మరి మేరీమాత సాక్షి అన్నావు కదమ్మా?" అన్నారు.

"సాక్షి సరిగ్గానే చెప్పిందండి. ఏడైనప్పుడల్లా పతకం చూపించింది. పది అన్నది నేనే."

ఆయన నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళు అడిగారు. తర్వాత లేచి షెడ్డు దాకా స్వయంగా వెళ్ళి దానియేలు బాబాయ్ చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. ఆ మధ్యాహ్నమే నూట ఎనభై మొక్కలూ వ్యానులో వెళ్ళాయి. ప్రతి మొక్కా నేనే మోశాను, నోరు మూసుకుని. లెక్క దానియేలు బాబాయ్ పెట్టాడు.

చివరి మొక్క ఎక్కించాక ఆయన ముందు చేతులు జోడించి ఏడ్చేశాను. "క్షమించు బాబాయ్. నిన్ను దొంగ అనుకున్నాను. పైగా నీకోసం ప్రార్థన చేస్తానన్నాను."

"ఊరుకో తల్లీ. నువ్వు నాకోసం అంత ప్రార్థన చేశాక, నేను నీకోసం చేయకపోతే బాగుంటుందా?" అన్నాడు.

ఏదో మాటవరసకు అన్నాడనుకున్నాను. కాదు. మర్నాడు ఆదివారం వాళ్ళ గుడిలో పాస్టరు గారు నిండు సభలో ప్రకటించారట: "నర్సరీలో పనిచేసే ఒక సహోదరికి లెక్కలు రావాలని ప్రత్యేకంగా ప్రార్థిద్దాం." గుడి మొత్తం మోకాళ్ళ మీద నిలబడి ఆమెన్ అందట. రెండు సంఘాల మధ్య అంత ఐకమత్యం తెచ్చిన ఘనత నాదే. అందుకు దేవునికి స్తోత్రం.

కాబట్టి తీరికలేని నా అక్కచెల్లెళ్ళందరి ఎదుట ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పనిలో మరియతల్లిని తలుచుకోవడం మానను. పొయ్యి దగ్గర మంగళవార్త, గంట కొట్టినప్పుడు త్రికాల జపం, శుక్రవారం ఏడు దుఃఖాలు, ఏవీ వదలను. కానీ కొడుకును పోగొట్టుకుని అంత దుఃఖపడిన ఆ తల్లి చేత ఇకమీదట లారీల గుమస్తా పని మాత్రం, ఈ జన్మలో, చేయించను.