గోడ అడిగిన నవలలు

ఎండాకాలం రాగానే మా వీధి ఆడపిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వచ్చి, సెలవుల్లో చదవడానికి మంచి నవలలు చెప్పమంటారు. నేను నవ్వించేవే చెబుతాను. ఏడిపించే నవల ఎంత గొప్పదైనా ఎండలు తగ్గాక చదువుకోండి అంటాను. ఇది నాకు నేనుగా చేసుకున్న అలవాటు కాదు. కర్ణాటకలోని చింతామణిలో హైస్కూలు పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న వేసవిలో నాకు ఇంకెవరో నేర్పినది. ఆ నేర్పినది ఎవరో ఈనాటికీ తేలలేదు.

మాది మట్టిగోడల మిద్దె. మధ్యాహ్నం సంగటి తిని అవ్వా నేనూ వెనకగదిలో చేరేవాళ్ళం. అక్కడ కిటికీ లేదు, చల్లగా ఉండేది. తలుపు కొంచెం తెరిస్తే పుస్తకం మీదికి సరిపడా వెలుతురు పడేది. అవ్వకు చదువు రాదు గానీ కథలంటే ప్రాణం. చెవుడు కాబట్టి నేను గొంతెత్తి చదవాలి. మా చదువు కన్నడంలో. తెలుగు అక్షరాలు నాయన ఇంట్లో దిద్దించినవి. బస్టాండు దగ్గర ఒక పెద్దాయనకు తెలుగు నవలలు బాడుగకిచ్చే చిన్న అంగడి ఉండేది. మదనపల్లి నుంచి వచ్చే బస్సు మీద ఆయనకు పుస్తకాల కట్టలు దిగేవి.

ఆ గదికీ పక్కింటికీ మధ్య ఒకే గోడ. పక్కిల్లు ఒక చెనక్కాయల వ్యాపారిది. వాళ్ళు బజారులో కొత్త మిద్దె కట్టుకుని వెళ్ళిపోయి, పాత ఇంటికి తాళం వేసి మూటలు నింపుకున్నారు. వాళ్ళ పెద్దకోడలు పుట్టింటికి బాగేపల్లికి పోయి అక్కడే జబ్బుచేసి చనిపోయిందని మాకు కబురు తెలిసింది. నేను ఆమెను ఎక్కువ చూడలేదు. ఆ ఇంటి ఆడవాళ్ళు గడప దాటేవారు కాదు. అత్తగారు మాత్రం ఇంట్లో దీపం పెట్టడానికని రోజూ పొద్దున్నే కొంగు కప్పుకుని పెరటిదారిన వచ్చిపోతుండేది.

ఒకనాడు, ఊరు పొరబడి పోయి తనది కాని అత్తగారింట్లో మర్యాదలు చేయించుకునే అల్లుడి కథ చదువుతున్నాను. అతను పాయసం మూడోసారి వడ్డించమనే చోట అవ్వ పకపకా నవ్వింది. అవ్వ ఆగాక కూడా నవ్వు ఆగలేదు. అది గోడలోంచి వస్తోంది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వినట్టు, సన్నగా, లోపలికి. పుస్తకం మూసేశాను. నవ్వు ఆగిపోయింది.

"ఆగినావేమే? ఆ పాయసం పోసినారా లేదా?" అంది అవ్వ.

వంటింట్లోకి వెళ్ళి అమ్మను అడిగాను. "పక్కింట్లో యాడిదే మనిషి? తాళమేసి శానా దినాలాయ. ఎలుకలు మూటల్లో దొర్లుతాంటాయి," అంది అమ్మ, తల ఎత్తకుండానే.

ఎలుకలు పాయసానికి నవ్వవు. మరునాడు కావాలనే ఏడుపు నవల తెచ్చాను. తల్లి పోయిన పిల్లల కథ. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వింటూ, అట్లాగే నిద్రలోకి జారిపోయింది. నేను చదవడం ఆపాను. బయట ఎండ చప్పుడు లేకుండా కాస్తోంది. వీధిలో కుక్క కూడా కదలడం లేదు. అప్పుడు, గోడకు పెదవులు ఆనించి మాట్లాడినట్టు, ఒక ఆడగొంతు అంది:

"అది వొద్దు. నవ్వేది చదువు."

నేను గోడ దగ్గరికి జరిగాను. అవ్వ నిద్రపోతోంది. నేనే నెమ్మదిగా అడిగాను, "ఎవురు మీరు?"

అది విననట్టే, "నాటకాలోళ్ళ బండ్లు తారుమారు అయ్యేది ఒకటి ఉండాది. అది తెచ్చుకో. ఎండాకాలానికి అది బాగుంటాది," అంది గొంతు. అంతే.

సాయంత్రం అంగడికి వెళ్ళాను. "అప్పా, నాటకాలవాళ్ళ బండ్లు తారుమారయ్యే పుస్తకం ఉండాదా మీ దగ్గర?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. "అది పాతది పాపా. కింద కట్టలో యాడో పడిండాది. నీకెవురు చెప్పిరి?"

"మా అవ్వ చెప్పింది," అన్నాను.

దుమ్ము దులిపి తీసి ఇస్తూ ఆయన తనలో తాను అన్నట్టుగా అన్నాడు: "నవ్వొచ్చే పుస్తకాలంటే మీ పక్కింటి పెద్దకోడలికే పిచ్చి. మనిషిని పంపించి తెప్పిచ్చుకుంటాండె. పోయిండే మనిషి. దేవుడు మంచోళ్ళనే తీసుకుంటాడు."

పుస్తకం చేతిలో పట్టుకుని ఇంటికి ఎట్లా నడిచానో నాకు తెలియదు. ఆ రాత్రికే ఒళ్ళు కాలిపోయింది. జ్వరంలో ఏం మాట్లాడానో గానీ అమ్మ నా నోటి నుంచి మొత్తం రాబట్టింది. గాలి సోకిందని ఇరుగుపొరుగు తేల్చేశారు. కొంచెం తేరుకోగానే అమ్మ నన్ను మురుగమల్ల దర్గాకు తీసుకుపోయింది. అక్కడ జుట్టు విరబోసుకుని ఊగుతున్న ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టి, నెమలీకల కట్టతో తల మీద తట్టించి, చేతికి నల్లదారం కట్టించింది. ఒకామె నన్నే చూస్తూ ఊగింది. ఆమె కళ్ళల్లో నాకు భయం కనిపించింది. దయ్యం పట్టినవాళ్ళకు కూడా భయమేస్తుందని అప్పుడే తెలిసింది.

తిరిగి వచ్చాక, నన్ను ఆ గదిలోకి పోనివ్వకూడదని అందరూ అంటుంటే అమ్మ ఒప్పుకోలేదు. "నేనూ కూచుంటా. నువ్వు చదువు. చూస్తాం," అంది. నాటకాలవాళ్ళ నవల తీశాను. మొదట గోడవైపే చూస్తూ చదివాను. తర్వాత కథ నన్ను లాక్కుపోయింది. రాజు కిరీటం ఉన్న పెట్టె పెళ్ళివారి బండిలోకి పోతుంది, పెళ్ళికూతురి చీరల పెట్టె నాటకాలవాళ్ళ బండిలోకి వస్తుంది. రాజవేషం వేయాల్సిన మనిషి పట్టుచీర చుట్టుకుని రంగం మీదికి రాగానే అవ్వ కింద పడి దొర్లింది. అమ్మ కూడా నవ్వింది. ఆ రెండు నవ్వుల వెనక మూడోది మొదలైంది.

అమ్మ నవ్వు ఆపింది. నా చేతిని గట్టిగా పట్టుకుంది. గోడలోని నవ్వు పెద్దదై, తెగిపోయి, దగ్గుగా మారింది. ఎంతకూ ఆగని పొడిదగ్గు. చివరికి ఎవరో పాత్ర దొర్లించినట్టు చప్పుడు.

అమ్మ లేచి నిలబడింది. "దయ్యానికి దగ్గొచ్చేది యాడన్నా విన్నావా?" అని నన్ను అడిగి, చెంబుతో నీళ్ళు తీసుకుని పెరట్లోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

పక్కింటి పెరటితలుపుకు తాళం లేదు. బయటి నుంచి కట్టె అడ్డం పెట్టి ఉంది. కట్టె తీసి తోస్తే లోపల చెనక్కాయల మూటలు, వాటి వెనక సన్నటి సందు. ఆ సందు చివర, మా గోడ పక్కనే, చాప మీద ఒక మనిషి. చేతులు కట్టెపుల్లల్లా ఉన్నాయి. ముఖంలో కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. మమ్మల్ని చూసి ఆమె రెండు చేతులూ జోడించింది. ఒక్క మాటా అనలేదు. పాలిపోయిన పెదవుల మీద నవ్వు మాత్రం ఇంకా ఆరలేదు.

క్షయ. పెళ్ళి కావలసిన మరిది ఉన్నాడు, ఇంట్లో ఈ జబ్బు ఉందని తెలిస్తే ఎవరూ పిల్లనివ్వరు. అందుకని ఆమె చనిపోయిందని ఊరికి చెప్పి, మూటల వెనక దాచారు. బాగేపల్లిలో ఆమెకున్న ఒక్క అన్న, తన కూతుళ్ళ పెళ్ళిళ్ళు తలుచుకుని ఊరుకున్నాడు. అత్తగారు దీపం పేరుతో తెచ్చేది అన్నం.

అమ్మ నేరుగా బజారు మిద్దెకు వెళ్ళి, వీధిలోనే నిలబడి కేక పెట్టింది. "సచ్చిపోయిందని చెప్పిన కోడలికి దినమ్మూ అన్నమెందుకు మోస్తాండావమ్మా? రా, బయటికొచ్చి చెప్పు!"

అత్తగారు బయటికి వచ్చి, గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. "నా కొడుకులు చెప్పినట్ల చేసినానమ్మా. ఒక్క దినమన్నా అన్నం మానిస్తినా?" అంది. ఆమెను తిట్టాలని వెళ్ళిన అమ్మ ఆమె పక్కనే కూర్చుండిపోయింది. నాయన మరునాడే కారు మాట్లాడి ఆ కోడలిని బెంగళూరు ఆస్పత్రికి చేర్పించాడు. సూదులు పడ్డాయి, ఆమె బతికింది. మరిది పెళ్ళి తప్పిపోయింది. వ్యాపారి మా ఇంటివాళ్ళతో మళ్ళీ మాట్లాడలేదు.

జబ్బు నయమయ్యాక ఆమె అత్తగారింటికి పోలేదు. ఆస్పత్రిలో ఒక నర్సమ్మ చిక్కబళ్ళాపురంలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే చోట పని చూపించింది. కొన్నేళ్ళకు నాకూ అదే ఊళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. వేసవి సెలవులు మొదలైన రోజు, రెండు కొత్త నవలలు పట్టుకుని ఆమె గదికి వెళ్ళాను. మనిషి నిండుగా ఉంది. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, కుట్టుపని చేతిలోకి తీసుకుంది. ఆ రోజుల గురించి మేము మొదటిసారి మాట్లాడుకున్నాం.

"నాటకాలవాళ్ళ పుస్తకం మీరు చెప్పకపోతే మా అమ్మ ఆ గదిలో కూర్చునేదే కాదు," అన్నాను.

ఆమె చేతిలోని సూది ఆగింది. "నేను చెప్పిందేమి? నేను ఒక్క మాటా మాట్లాడలేదు కద పాపా. మాట్లాడే శక్తి యాడుండె? నవ్వింది నిజమే. నవ్వు ఆపుకోలేకపోతి."

"ఏడుపు నవల వద్దన్నారు..."

"అది నేనూ విన్నా. 'నవ్వేది చదువు' అని. మీ అవ్వ చెప్తాండాదనుకున్నా."

"అవ్వ నిద్రపోతా ఉండె," అన్నాను. "ఆ పుస్తకం మీరు ముందే చదివుండారు కదా?"

"లేదు. ఆ కథ నువ్వు చదువుతాంటేనే మొదటిసారి విన్నా."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. రెండు గదులకూ మధ్య ఉన్నది జానెడు మట్టిగోడ. దానికి అటువైపున ఉన్న ఆమె ఆ గొంతు మా వైపు నుంచి వచ్చిందనుకుంది. ఇటువైపున ఉన్న నేను ఆమె వైపు నుంచి అనుకున్నాను.

ఆమె కుట్టుపని పక్కన పెట్టి, "ఏమి తెచ్చినావు?" అని అడిగింది.

"నవ్వొచ్చేదే."

"చదువు."

నేను చదివాను. మంచి నవల. మొదటి పుటలోనే నవ్వొచ్చే మాటలున్నాయి. మేమిద్దరం మాత్రం నవ్వలేదు. ప్రతి వాక్యం చివరా నేను ఆగాను, ఆమె తల కొద్దిగా పక్కకు వంచింది. పట్టపగలు, వీధి తలుపు బార్లా తెరిచి ఉండగా, ఇద్దరం వింటూ కూర్చున్నాం.