వెనక పేజీకి గుచ్చిన చీటీ

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నేను, ఎనభైల మొదట్లో అమెరికాలో పిస్కాటవే దగ్గర యూనివర్సిటీ పుస్తకాలకు వైద్యం చేసేవాణ్ని. అదొక బైండింగ్ షాపు. మా అక్క మొగుడు అక్కడ సూపర్‌వైజరు. చదువుకున్నవాడికి చిరిగిన పుస్తకమిస్తే చదువుతూ కూర్చుంటాడు, చదువురానివాడైతే కుట్టి పక్కన పెడతాడు అని చెప్పి నన్ను చేర్పించాడు.

ఒక ముసలి యూదు ప్రొఫెసరు, పేజీలు ఊడిపోతున్న చిన్న పుస్తకం తెచ్చాడు. రెండు వందల ఏళ్ల కిందట బెర్లిన్‌లో యూదుల పిల్లలకు పెట్టిన కొత్త రకం బడిలోదట. అంతవరకూ ఆ పిల్లలకు మతగ్రంథాలే చదువు. ఇక్కడ లెక్కలూ జర్మనూ కూడా చెప్పారు.

"పెద్దవాళ్లు ఊరుకున్నారా?" అన్నాను.

"చాలామంది తిట్టారు. లెక్కలొస్తే దేవుణ్ని మరిచిపోతారని."

"నాకు లెక్కలూ రాలేదు, దేవుడూ గుర్తులేడు. మావాళ్లు రెండు రకాలా నష్టపోయారు."

ఆయన పడీ పడీ నవ్వాడు. తర్వాత అంచులు చూపించాడు. ఆ బడి పంతులు హీబ్రూ మాటల పక్కన సిరాతో సన్నగా జర్మన్ అర్థాలు రాసుకున్నాడు. పాఠం నిజంగా ఎలా చెప్పారో తెలిపే ఆధారం ఆయనకు అదొక్కటే. నాలుగేళ్లుగా దానిమీదే పుస్తకం రాస్తున్నాడు. సగమే ఎత్తి రాసుకున్నాడు. మిగతాది కుట్టించాక రాసుకుంటానన్నాడు.

మర్నాడు కుట్టాను. కటింగ్ మిషన్‌లో పెట్టి మూడు వైపులా నున్నగా కోశాను. అట్ట వేద్దామని తిప్పితే, వెనక పేజీకి గుచ్చిన చీటీ కనిపించింది: "అంచులు కోయవద్దు." హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఆయన మొదటి పేజీ నాకు చివరి పేజీ.

"ఒరేయ్, సైలెంట్‌గా ఉండు. పాతది కదా, వాటంతటవే రాలిపోయాయని చెప్పు. జాబ్ పోతే ఏం చేస్తావ్?" అన్నాడు బావ.

"స్కేలు పెట్టుకుని రాలాయా బావా?"

"నీ జోకులే నీ కొంప ముంచుతాయిరా."

చెత్తడబ్బా బోర్లించాను. మూడు నాలుగు పుస్తకాల అంచులు కలిసిపోయి ఉన్నాయి. ఆయన వచ్చినప్పుడు, నేనే కోశాను అని చెప్పాను. నేను కోసిన అంచు మీద ఆయన వేలితో అటూ ఇటూ నిమిరాడు.

"బడి మూయించాలని తిరిగినవాళ్లు కూడా దీని జోలికి రాలేదు," అన్నాడు. నేను నవ్వలేదు.

షాపు ఓనరుకు ఆ మాట చేరవేయలేదాయన. రెండు నెలలు లంచ్ టైములో మా బల్ల దగ్గరే ఇద్దరం కూర్చుని ముక్కలు అతికించాం. ఆ భాషల అక్షరాలు రావు కాబట్టి నేను గీత తీరే చూసేవాణ్ని, ఇక్కడ తెగిన తోక అక్కడ ఉందా అని. చాలా దొరికాయి. పదకొండు పేజీల అంచులు దొరకనే లేదు.

ఆయన పుస్తకం అచ్చయ్యాక తెచ్చి ఒక చోట చూపించాడు. ఆ పదకొండు పేజీల అంచులు తెగిపోయాయని అక్కడ ఉందట.

"నేను కోశానని రాయలేదేం సార్?"

"చీటీ గుచ్చింది నేను కదా," అన్నాడు.

ఆ తర్వాత కూడా ఆయన పాత పుస్తకాలు బైండింగ్ చేయిస్తూనే ఉన్నాడు. మా షాపులో మాత్రం కాదు.