లేని మేకకు వాయింటాకు

నా చిన్నప్పుడు ఆకుకూర తనంతట తానే మా వాకిట్లోకి నడిచి వస్తుందని అనుకునేవాణ్ణి. నెల్లికుదురు దగ్గరి మా ఊళ్ళో మా తాతయ్య పటేలు. చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళు లేత ఆకులు ఏరి, కడిగి, మా అరుగు మీద పెట్టి పోయేవారు. ఏ ఆకు ఏ మొక్కదో తెలుసుకోవాల్సిన అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి చేలు చేతులు మారాయి. ఆకుకూర రావడం ఆగిపోయింది. పటేలన్న పిలుపు ఒక్కటి మిగిలితే దాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాం.

ఆ వానాకాలం తాతయ్యకు జ్వరం వచ్చి తగ్గింది గాని నోరు చేదైపోయింది. ఐదు రోజులు మెతుకు ముట్టలేదు. ఇలాగే ఉంటే మనిషి లేవడని వైద్యుడు చెప్పి వెళ్ళాడు. అమ్మ గంజి పట్టుకుని మంచం పక్కన నిలబడితే తాతయ్య గోడ వైపు తిరిగేవాడు. ఆరో రోజు పొద్దున ఆయనే నోరు తెరిచి వాయింటాకు పప్పు అడిగాడు. ఎవరూ విత్తకుండానే వానకు మొలిచే మొక్క అది. ఆవాలకు చుట్టం. కాయలు అలాగే సన్నగా ఉంటాయి, ఆకు నలిపితే అదే ఘాటు. అమ్మకు తెలిసింది అంతే. మా ఇంటి ఆడవాళ్ళు చేలల్లోకి వెళ్ళరు. నాన్న ఊళ్ళో లేడు. నన్ను పంపుతూ అమ్మ ఒక్కటే చెప్పింది.

“ఎవ్వల్నీ అడగకు బిడ్డా. పటేలింట్ల కూరాకు లేదని ఊరంత తెల్వాల్నా?”

ఒకప్పుడు మాదైన మక్కచేనుకే వెళ్ళాను. గట్టు మీద పసుపు పూలు, సన్న కాయలు ఉన్న మొక్కలు కనిపించాయి. అవేననుకుని తువ్వాల నిండా తెంపాను. వేళ్ళు జిగురుతో అంటుకుపోయాయి. కలుపు తీస్తున్న ఆడవాళ్ళలో ఒక అవ్వ నడుం నిలబెట్టి నా వైపు చూసింది. మా అరుగు మీదికి ఆకు తెచ్చిన చేతుల్లో ఆమెవీ ఉన్నాయి.

“గది ఎందుకు తెంపుతున్నవ్, చిన్న పటేలా?”

“మ్యాకకు” అన్నాను.

మాకు మేక లేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ తిరిగి చూసిన చూపుకు ఆ నవ్వు ఆగిపోయింది.

“గిది కుక్కవాయింట. మీ మ్యాక తినదు. పానం బాగలేదా దానికి?”

“ఐదు రోజుల సంది తింటలేదు.”

తల దించితే కన్నీళ్ళు రాలతాయని తల ఎత్తే నిలబడ్డాను. అవ్వ వంగి తెల్లపూల మొక్క ఒకటి తుంచింది. ఐదాకుల రెమ్మను నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. ఆ ఘాటుకు కళ్ళు మండాయి. ఏడవడానికి నాకు మర్యాదైన కారణం దొరికింది. ఆమె నా తువ్వాల దులిపి, తన పూటకని కొంగులో మూటకట్టుకున్న ఆకంతా అందులో పోసింది.

“మీ అమ్మకు చెప్పు. ఉడికినంక మొదటి నీళ్ళు పారబొయ్యాలె, చేదు వోతది. పెసరపప్పు ఏసి, ఎల్లిపాయ పోపు పెట్టాలె. మ్యాకకు మెత్తగ కలిపి పెట్టుమను.”

పోపు పెట్టిన పప్పు తినే మేక సంగతి వింటూ కూడా ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ వంగి కలుపు తీసుకుంటూనే ఉన్నారు.

తాతయ్య ఆ మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిన్నాడు. మర్నాడు దారిలో అవ్వ ఎదురై, మేక తిన్నదా అని అడిగింది. నాలుగు ముద్దలు తిన్నదని చెప్పాను. మేకలు ముద్దలు తినవని, మాట నోరు దాటాక గుర్తొచ్చింది.

“గంతైనా తిన్నది, మంచిదే” అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ నాలుగు ముద్దలే. తర్వాత తాతయ్య ఏదీ అడగలేదు. మూడో రోజు పోయాడు. వాకిట్లో జనం వెనక అవ్వ నిలబడి ఉంది. వెళ్ళి ఆమెకు దండం పెట్టాలనిపించింది. అందరూ చూస్తున్నారని పెట్టలేదు. మళ్ళీ ఎప్పుడూ పెట్టలేకపోయాను.

ఇప్పుడు నేను తాతయ్య వయసు దాటాను. ఒకరిని నోరు తెరిచి అడగడం నాకు ఈనాటికీ చేతకాదు. మా వంశం నాకిచ్చిన వాటా అదే. కాని నా ముందు ఎవరైనా నిలబడి అతకని అబద్ధం చెబుతుంటే, వాళ్ళింట్లో ఎవరు తినడం లేదో అని ముందు ఆలోచిస్తాను.