కోకాపేటకు సర్వేకొచ్చిన మేడం

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఒక్కొక్కరికీ ఒక్కో పిచ్చి ఉండేది. కొందరికి సైకిళ్లు, కొందరికి మారథాన్లు, ఒకాయనకైతే ఇంటి బాల్కనీలో పుట్టగొడుగులు పెంచే పిచ్చి. నాకు రీలు కెమెరా పిచ్చి పట్టింది. ఫోనుతో ఎడాపెడా ఎన్ని కావాలంటే అన్ని ఫొటోలు తీసుకునే కాలంలో, డజను ఫొటోలకే అయిపోయే రీలు కొనుక్కుని, అది కడిగి వచ్చేదాకా గుడ్లప్పగించి ఎదురుచూడటంలో ఏదో గొప్పతనం ఉందని నమ్మే వయసు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మాదాపూర్‌లో వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. (నా తప్పులు పట్టడానికి బోరబండలో మా అత్త ఉండేది. మా మేనమామ, అత్తల కిరాయి ఇంట్లోనే నా మకాం.)

ఆ కెమెరా నాది కాదు. ఆఫీసులో మేమందరం రీలన్న అని పిలుచుకునే సీనియర్ ఒకాయన అరువిచ్చాడు. కెమెరా అంటే ఫోనంత వస్తువు అనుకునేరు. అదొక ఇనప డబ్బా. పొట్ట దగ్గర పెట్టుకుని, పైన మూత తెరిచి, తల వంచి బావిలోకి చూసినట్టు చూడాలి. లోపలి గాజులో లోకమంతా కనిపిస్తుంది గానీ కుడి ఎడమలు తారుమారుగా ఉంటాయి. దాని ముందు బిగించే వెడల్పు లెన్సు మా అత్త రుబ్బురోలు పొత్రమంత బరువు. ఎదురుగా ఉన్నదాన్నే కాక, ఆ పక్కా ఈ పక్కా ఉన్నవన్నీ లాక్కొచ్చి ఫొటోలో కూర్చోబెట్టడం దాని ప్రత్యేకత. రీలన్న దాన్ని నెలల బిడ్డను అప్పగించినట్టు అప్పగించి, గాజు ముట్టుకోకు, దుమ్ము తగలనివ్వకు అని గేటు దాకా చెబుతూనే వచ్చాడు. మెడలో వేసుకుని ఇల్లు చేరేసరికి నా తల కిందికి వాలిపోయింది. ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా అని మా అత్త ఆ రాత్రంతా నన్ను బుజ్జగించింది.

మా మామ సెంట్రింగ్ మేస్త్రి. స్లాబు పోసేముందు కింద రేకులూ, ఊతకర్రలూ నిలబెట్టే పని. కోకాపేటలో ఒక టవరుకు పునాది నుంచి పై అంతస్తు దాకా అన్ని స్లాబులకూ ఆయనే మేస్త్రి. ఆ పని అయిపోయింది. సోమవారం నుంచి ఆయన గ్యాంగు మరో సైటుకు మారుతుంది, ఆ తర్వాత ఆ గేటు దగ్గర కూడా నిలబడనివ్వరు. మామకు ఒకటే కోరిక, తను కట్టిన టవరుతో కలిసి ఒక్క ఫొటో. టవరు మొత్తం రావాలి, తనూ ఉండాలి. ఫోనుతో ఎంత ప్రయత్నించినా మామ వస్తే టవరుకు తల ఉండేది కాదు. దూరం జరిగితే ఇంకెవరిదో టవరు అడ్డమొచ్చేది. నేను ఊరుకోవచ్చు కదా. నా దగ్గరున్న లెన్సులో నీ టవరేంటి, దాని మీది ఆకాశం కూడా పడుతుందని కోతలు కోశాను. మామ ఆ మాట పట్టుకున్నాడు.

ఆ ఆదివారం ఆఫీసులో అర్జెంటు పని పడితే వెళ్లి, అట్నుంచి అటే కోకాపేట చేరాను. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో మట్టం చూసే పొడవాటి అల్యూమినియం బద్దతో వచ్చాడు. అది లేకుండా తను మేస్త్రి అని ఎలా తెలుస్తుందని ఆయన వాదన. రోడ్డుకు ఈ పక్కన నేను మూడు కాళ్ల స్టాండు వేసి, కెమెరా బిగించి, తల వంచి గాజులోకి చూస్తూ చేతులు ఊపడం మొదలుపెట్టాను. కుడి ఎడమలు తారుమారు కదా, నేను ఎడమకు పొమ్మంటే అది కుడి అయ్యేది. మామ బద్ద నిటారుగా పట్టుకుని పాపం అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు. మెడలో ఆఫీసు ట్యాగు తీయడం మరిచిపోయాను. (మా దగ్గర ట్యాగుతోనే పెళ్లి భోజనాలకు వెళ్లేవాళ్లున్నారు.) ట్యాగు వేసుకున్న మనిషి, మూడు కాళ్ల స్టాండు, ఎదురుగా బద్ద పట్టుకున్న మనిషి. కోకాపేటలో దీన్ని ఏమంటారో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు.

ముందు మాకు వినబడింది దగ్గు. పక్కనే రేకుల కొట్టం, దాని ముందు రెండు బర్రెలు. అందులోంచి భుజాన తువ్వాలతో ఒక తాత వచ్చి, లెన్సుకు అడ్డంగా నిలబడ్డాడు. నేను పక్కకు జరగమంటే జరగలేదు. రోడ్డు మళ్లీ వెడల్పు చేస్తారా, కొట్టం ఎంతవరకు పోతుంది, ఎవరు పంపారు మేడం అని వరసగా అడిగాడు. ఫొటో కోసం అన్నాను.

"ఫొటో అయితే ఫోన్ల దియ్యరా బిడ్డా? ఏదీ, ఇప్పటిదాంక దీసింది ఒకటి సూపియ్యి."

ఇందులో కనబడదు తాతా, కడిగాక గానీ రాదు అన్నాను. ఆయన మామ వైపు తిరిగి, ఫొటో కనబడనిది కెమెరా ఎట్లయితది అన్నాడు. ఇంతకుముందు కూడా ఒకసారి ఇలాగే మూడు కాళ్ల మిషను తెచ్చి ఊరికే చూస్తున్నామన్నారనీ, తర్వాత ఏమైందో ఊరంతటికీ తెలుసనీ, కొలవడం మానేదాకా ఇక్కణ్ణుంచి కదలననీ తేల్చి చెప్పాడు. ఆయన గొంతులో కోపం కన్నా భయం ఎక్కువుంది. మరోపక్క పొద్దు వాలి, ఎండ టవరు పైకి ఎక్కిపోతోంది. మేఘాల మీదా, నా బూట్ల మీదా రీలు తగలేయగా ఒకే ఒక్క ఫొటో మిగిలింది. మామ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చేలా ఉంది.

చివరికి తెలివి ఉపయోగించి, నువ్వే చూడు తాతా అని ఆయన్ను డబ్బాలోకి తొంగి చూడమన్నాను. ఆయన వంగి చాలాసేపు చూశాడు. తల ఎత్తేసరికి ముఖం పాలిపోయింది.

"నా కొట్టం ఈ పక్కకెల్లి ఆ పక్కకు వోయింది. అప్పుడే మార్చేసిన్రు."

గాజులో కుడి ఎడమలు తిరగబడతాయని తాతకు వివరించేసరికి నా ప్రాణం కడబట్టింది. ఇక మామే రోడ్డు దాటి వచ్చి, తను ఎవరో, ఆ టవరు ఎలా కట్టాడో, రేపటి నుంచి అక్కడ నిలబడనివ్వరనీ నెమ్మదిగా చెప్పాడు. తాత మెత్తబడ్డాడు గానీ, నమ్మకం కుదరక మిషను పక్కనే నిలబడి చూస్తానన్నాడు. సరేనన్నాం. మామ వెళ్లి నిలబడ్డాడు. నేను నొక్కితే నొక్కుడు పడదు. రీలుకు వెలుతురు తగలకుండా వెనక ఒక రేకు ఉంటుంది, అది తీయలేదు. సర్రున రేకు లాగాను. మిషనులోంచి ఏదో బయటికి వచ్చిందని తాతకు అనుమానం కలిగి, ముందువైపు ఏం జరుగుతుందో చూద్దామని లెన్సులోకి తల పెట్టాడు. చూశాను, కానీ వేలు అప్పటికే నొక్కేసింది.

రీలు కడిగి వచ్చింది. టవరు మొత్తం వచ్చింది, పై అంతస్తుతో సహా. మామ కూడా వచ్చాడు, బద్దతో, అగ్గిపుల్లంత. వాళ్లిద్దరికీ ముందు, సగం ఫొటో నిండా తాత. ఆ లెన్సు దగ్గరున్నదాన్ని కొండంత చేస్తుంది, ముక్కు ఒక్కటే మామకు రెండింతలుంది. నేను ఫొటో దాచేద్దామనుకున్నాను. మామ లాక్కుని చూసి, "టవరు మొత్తం వచ్చింది, నేనున్న గదా, ఇగ ఫికరెందుకు" అన్నాడు. అన్నాడే గానీ, ఫొటోను అల్మారాలో బోర్లా పెట్టేశాడు.

మరుసటి ఆదివారం తాతకు ఒక కాపీ ఇవ్వడానికి వెళ్లాం. ఆయన తన ముక్కు చూసుకుని సిగ్గుపడ్డాడు. తర్వాత వేలితో వెనకున్న టవరు అడుగుభాగం తడుముతూ, "మా జొన్నచేను ఈడనే ఉండె" అన్నాడు. మా మామ ఆ ఫొటో మళ్లీ తీసుకుని, కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తాత చాయ్ పోశాడు, బర్రె పాలతో చిక్కగా. తిరిగి వస్తూ దారిలో మామే ఫ్రేము కట్టించే దుకాణం దగ్గర బండి ఆపమన్నాడు.

బోరబండ ఇంట్లో టీవీ పైన గోడకు ఇప్పటికీ అదే ఫొటో. వచ్చినవాళ్లు ఈ పెద్దాయన ఎవరు, మీ నాయనా అని అడుగుతారు.

"భూమి ఆయనది, కట్టింది నేను. ఇంకెవలు గావాలె ఫొటోల?" అంటాడు మామ.

ఆ తర్వాత నేను మంచి కెమెరాలు కొన్నాను, కుదురుగా ఫొటోలు తీయడం కూడా నేర్చుకున్నాను. ఎవరూ అడ్డం రారు, ఎవరి ముక్కూ పెద్దగా పడదు. మెడకు ట్యాగు, చెమట పట్టిన చేతులు, ఏడవబోతున్న ముఖంతో ఆ రోడ్డు పక్కన నిలబడ్డ పిల్లను తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. ఆ పిల్ల తీసిన ఫొటోలన్నిటిలో గోడకెక్కింది అదొక్కటే.